తిథి తప్పిన అతిథి

ఫారో దీవుల్లో క్లాక్స్‌విక్ రేవు ఆఫీసు, వెనక గది.
ఫిబ్రవరి. కిటికీ అద్దానికి ఉప్పు పొరలు కట్టింది.
మార్యున్ మోకాళ్ళ మీద కూర్చుని
పన్నెండేళ్ళనాటి పెట్టె మూత విప్పుతోంది.

ఏ పడవ ఏ వేళకు రేవు దాటిందో రాసుకునేది ఆ పెట్టే.
తెల్లవారుజామున ఐదింటికి
చేపలవాళ్ళ బూర మోగించేదీ అదే.
తయారుచేసిన కంపెనీ మూతపడి ఆరేళ్ళు.
ఫ్యాను, తడిసిన గొర్రెలా, ఉండుండి దగ్గుతుంది.

"లోపలున్నదాన్ని ఎత్తి కొత్త సర్వర్లో పెట్టెయ్,"
అన్నాడు టోర్‌మోద్, కాఫీ కప్పు ఇటు నుంచి అటు జరిపినంత సుళువుగా.

కొత్త సర్వర్ ముందు ఒప్పుకోలేదు.
వర్చువలైజేషన్ ఆపి ఉంది, అంది.
మళ్ళీ మొదలెట్టి, నీలం తెరలోకి దిగి,
ఎవరూ చూడని ఏడో పేజీలో
ఒక్క మాట మార్చింది మార్యున్.
గడియ తీసినట్టు చిన్న చప్పుడు.
చప్పుడు నిజంగా అయిందో, ఆమెకే వినిపించిందో.

ఆ తర్వాత అసలు ప్రశ్న: ఏ మోడ్?

పూర్తి మోడ్ అంటే,
ఈ ఇనుమంతా నీదే అని నమ్మించడం.
లేని డిస్కును అది గిర్రున తిప్పుకుంటుంది,
లేని కార్డుకు తీగ తగిలించుకుంటుంది.
పక్క గదిలో ఇంకో పదకొండు ఉన్నాయని
చచ్చినా తెలియనివ్వకూడదు.
కుట్టు కనపడని అబద్ధం.

పారా మోడ్ అంటే, మొదటి రోజే చెప్పెయ్యడం:
నువ్వు ఇక్కడ అద్దెకున్నావు.
ఏది కావాలన్నా తలుపు కొట్టు, అడుగు,
ఇస్తారు.

నిజం వినాలంటే చెవులుండాలి కదా.
ఈ ముసలి కర్నెల్‌కు అవి పెట్టలేదు ఎవరూ.
గాలికి ఎండిన మాంసం ముక్క నములుతూ
చాలాసేపు చూసి,
పూర్తి మోడ్ నొక్కింది.

లేచింది పెట్టె. తన పాత ఇంట్లోనే లేచాననుకుంది.
పాత పేరే చెప్పింది, పాత లెక్కే మొదలెట్టింది.
టోర్‌మోద్ చప్పట్లు కొట్టాడు.

మూడో రోజు
హాల్గ్రిమ్ వచ్చాడు, బూట్ల నుంచి నీళ్ళు కారుతూ.
అరవలేదు. చేతి గడియారం విప్పి
కీబోర్డు పక్కన పెట్టాడు.
"నీ బూర నాలుగు నిమిషాలు ఆలస్యం.
ఇది ఇక్కడే ఉంచుకో, సాక్ష్యానికి."

మన భాషలో
తిథి చెప్పకుండా వచ్చేవాణ్ణి అతిథి అంటామని
మార్యున్‌కు తెలియదు.
తెలిసుంటే నవ్వేదేమో.
ఆ పెట్టెకు తిథీ లేదు, గడియా లేదు.
సర్వర్ దాన్ని నిద్రపుచ్చి పక్కవాళ్ళ పని చూసినప్పుడల్లా
రెప్పపాటు పోతుంది.
పోయిందని దానికి తెలియదు.
తనొక్కతే ఉందనుకునేదానికి
ఎవరినైనా అడగాలని ఎందుకు తోస్తుంది?

రాత్రి రెండింటికి
చిన్న మాడ్యూల్ ఒకటి దొరికింది.
అది డిస్కు జోలికి పోదు,
తీగల జోలికి పోదు.
ఒక్క టైమ్ మాత్రం ఇంటివాళ్ళను అడుగుతుంది.
కిందామీదా పడి అతికించింది మార్యున్.
మిగతా అబద్ధమంతా అలాగే వదిలేసింది.
అంత పెద్ద గోడలో
గుండీ పట్టేంత కన్నం.

మళ్ళీ లేచింది పెట్టె.
తెర మీద ఎన్నడూ లేని వరుస ఒకటి:
గడియారం: బయటిది.
ఏ రభసా లేదు. లెక్క సాగింది.

ఐదింటికి బూర.
సరిగ్గా ఐదింటికి.
కీబోర్డు పక్కనున్న గడియారం వైపు చూసింది మార్యున్.
నాలుగూ యాభై ఎనిమిది.

అంటే మొన్నటి ఆలస్యం నాలుగు కాదు, ఆరు.
అంటే ముప్ఫై ఏళ్ళుగా రేవుకు టైమ్ చెప్పే హాల్గ్రిమ్...

బయట బూట్ల చప్పుడు.
తలుపు కొట్టాడు.
చెప్పాలా,
నమ్మనివ్వాలా.
గడియారం చేతిలోకి తీసుకుని,
పక్కనున్న మర మీద
వేలు ఆనించి నిలబడింది మార్యున్.